తవిటయ్య బ్యాటరీ బండి

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగపూర్,
12 ఆగస్టు 1973

ఒరే నూకయ్యా,

ఆశీస్సులు. నువ్వు డ్రైవరువయ్యావని వాల్తేరు నుంచి వచ్చిన గార్డు చెప్పాడు. నా ఇంజను మీద ఆరేళ్లు ఫైర్‌మన్‌గా బొగ్గు తోసినవాడివి, ఆ ముక్క నాకు గార్డు చెప్పాలా? సరే, ఆ తగువు తర్వాత తీర్చుకుందాం. ముందు నా సంగతి విను. నేను కారువాణ్నయ్యాను.

నవ్వకు. సగం దొరికింది, సగం చేశాను. మన విల్‌ఫ్రెడ్ డ్రైవరు కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోతూ, పెరట్లో పడున్న బుల్లి కారు నాకు వదిలేశాడు. దాంట్లో ఇంజను లేదు, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నాయి. స్క్రాపు వేలంలో ప్లాట్‌ఫారం మీద సామాన్లు మోసే బ్యాటరీ ట్రక్కు మోటారు ఒకటి దొరికింది. రైలుపెట్టెల్లో దీపాలకి వాడే పాత బ్యాటరీలు పన్నెండు దొరికాయి. నన్ను ఇంజను మీద నుంచి దింపి రెండేళ్లుగా కూర్చోబెట్టింది ఆ బ్యాటరీల గదిలోనే కదా. మెయిలు నడిపిన మనిషిని గదిలో పడేసి, సీసాల్లో నీళ్లు పొయ్యమంటే ఎలా ఉంటుందో నీకు తెలీదు. కాళ్లు ఒకచోట నిలవవు. ఆ పిచ్చంతా తీసుకెళ్లి ఈ బండిలో పెట్టాను.

పెట్రోలు వద్దు, బొగ్గు వద్దు, నీళ్ల స్తంభం దగ్గర ఆగక్కర్లేదు. హ్యాండిల్ ఒక గంటు లాగితే కదులుతుంది, రెండు గంటులు లాగితే సైకిలువాణ్ని దాటుతుంది. చప్పుడన్నది లేదురా! అదొక్కటే నాకు ఇంకా అలవాటు కాలేదు.

మొదటి రోజు పరువు పోయింది. ముప్పై ఏళ్లు బండి నడిపాను కానీ, ఏ రోజైనా బండిని మలుపు తిప్పే పని మనకి పడిందా? పట్టాలు ఎటు పోతే అటు. మన వీధి చివర మలుపు వచ్చింది. హ్యాండిల్ తగ్గించాను, హారన్ కొట్టాను, అదే తిరుగుతుందిలే అని దర్జాగా కూర్చున్నాను. అది తిన్నగా పక్కింటి ఆలిస్ టీచరమ్మ మందార కంచెలోకి దూరింది. మా ఆవిడ గంగాభవాని, అదే మీ గంగక్క, నెత్తి బాదుకుంది. "ఓలమ్మో, సక్రం తిప్పండి! ఇది రైలు కాదు!"

ఆవిడ పక్క సీట్లో కూర్చుంటే నోరు మూయదు. "ఎడం పక్క రిక్సా. కుడి పక్క గేదె. గేదె ఎనకాల గుంటడు." ఇంజను మీద సిగ్నల్ కనబడగానే నువ్వు పైకి చెప్పడం, నేను తిరిగి చెప్పడం గుర్తుందా? అచ్చం అలాగే. నేనూ అలవాటుగా "రిక్షా, ఎడమ" అంటాను. గోల్‌బజారులో జనం నిలబడి నవ్వుతారు. నవ్వనీ.

నా మీద ఫోర్‌మన్ ఆఫీసుకి పేరు లేకుండా ఉత్తరం రాసి, నన్ను కంటి పరీక్షకి లాగినవాడు ఇవాళ నా కారు చూసి ఏడవాలి. షెడ్డు క్లర్కు సీతారామాంజనేయులే అని రెండేళ్లుగా నా అనుమానం. రూఢి అయిన రోజున వాణ్ని వదిలిపెట్టను.

జవాబు రాయి. డ్రైవరువైపోయాక చెయ్యి అరిగిపోతుందా?

నీ
తవిటయ్య

*

వాల్తేరు,
27 ఆగస్టు 1973

ఉస్తాద్ గారికి,

నమస్కారాలు. డ్రైవరు సంగతి నేను రాయకపోవడం తప్పే. చాలాసార్లు కాగితం తీశాను. మీరు దిగిన ఇంజను మీద నేనెక్కానని ఏ ముఖంతో రాయను? తిట్టండి, పడతాను.

మీ కారు కబురు మేం డ్యూటీ దిగి పడుకునే రన్నింగ్ రూములో చదివి వినిపించాను. మందార కంచె దగ్గరకొచ్చేసరికి ఒక్కొక్కడు పొట్ట పట్టుకున్నాడు. "మీ ఉస్తాదు ఇక్కడికొస్తే ఆ బండికి పట్టాలేసి ఇస్తాం" అన్నారు. నాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగింది.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. గంగక్క ఎందుకు అన్నీ పైకి చెబుతోంది? ఆవిడ ఊరికే మాట్లాడే మనిషి కాదు. మీ ఉత్తరంలో ఒక లైను మీద ఇంకో లైను ఎక్కింది. మీ చేతిరాత నాకు తెలుసు, లాగ్‌బుక్కులో అచ్చు గుద్దినట్టు ఉండేది. పరీక్షలో డాక్టరుగారు ఏమన్నారో ఇన్నాళ్లూ మీరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

క్లర్కు మీద అనుమానం పెట్టుకోకండి. పాపం, పిల్లలున్నవాడు.

మీ
నూకయ్య

*

ఖరగపూర్,
20 సెప్టెంబరు 1973

నూకయ్యా,

మొన్న విశ్వకర్మ పూజ. వర్క్‌షాపులో యంత్రాలన్నిటితో పాటు నా కారుకీ దండ వేశాం, పసుపు రాశాం, గుమ్మడికాయ కొట్టాం. ఆ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు కదా, ఛార్జింగు పెట్టలేదు. మర్నాడు ఆ సంగతి మరిచిపోయి హిజ్లీ దాకా వెళ్లాను. కాలేజీ కుర్రాళ్లు చుట్టూ మూగారు. ఒక ప్రొఫెసరు దాదా బానెట్ ఎత్తి చూసి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. నేను ఛాతీ విరుచుకుని హ్యాండిల్ లాగాను. బండి కదల్లేదు. బ్యాటరీలు పడుకున్నాయి. షేక్‌హ్యాండ్ ఇచ్చిన దాదాయే ముందు నిలబడి తోయించాడు. మీ అక్క స్టీరింగు పట్టుకుని కూర్చుంది, నేను వెనకాల తోశాను. మూడు మైళ్లు. కారున్నవాడికి కాళ్లు నెప్పెట్టడం ఎక్కడైనా విన్నావా?

ఈ బండికి సేవలు చాలా ఉన్నాయి. పొద్దున్నే ఒక్కో బ్యాటరీ మూత తీసి నీళ్లు చూడాలి. కుళాయి నీళ్లు పనికిరావు, మరగబెట్టి ఆవిరి పట్టిన నీళ్లే పొయ్యాలి. ఛార్జింగు పెడితే ఇంట్లో లైటు గుడ్డిదీపమైపోతుంది. యాసిడ్ చుక్క పడి మీ అక్క చీరలు మూడు జల్లెడలయ్యాయి. "సవితిని తెచ్చినా ఇంత సాకిరీ నేకపోను" అంటోంది. మలంచా రోడ్డులో పోలీసు ఆపి, ఇంజను నంబరు చూపించమన్నాడు. ఇంజను లేదు దాదా అన్నాను. "ఇంజిన్ నాయ్?" అని వంగి కిందంతా వెతికి, తల గోక్కుంటూ "జాన్, జాన్" అని పంపించేశాడు.

డాక్టరు సంగతి అడిగావు. కళ్లల్లో నీటికాసుల జబ్బన్నాడు, చుక్కల మందిచ్చాడు, అంతే. స్టేషను గడియారంలో ముల్లు ఎక్కడుందో ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి చెబుతాను, కావాలంటే పందెం. లైన్లు వంకర పోయాయట! వయసైతే నీ లైన్లూ పోతాయి. నువ్వు కూడా నన్ను పరీక్ష చేస్తావా?

సీతారామాంజనేయులు ఎదురైతే మొహం తిప్పుకుంటున్నాను. మన వాళ్లెవరూ అతని ఇంట్లో టీ తాగకూడదని చెప్పేశాను. నువ్వేమంటావు?

తవిటయ్య

*

వాల్తేరు,
9 అక్టోబరు 1973

ఉస్తాద్ గారికి,

కార్డు ముక్క రాస్తున్నాను, డ్యూటీకి వేళైంది. ఆ క్లర్కుని వెలివేయకండి. ఆయన కాదు. ఎలా తెలుసని అడక్కండి, ఆయన కాదంతే. మీ కాళ్లు పట్టుకుంటాను.

గంగక్క లేకుండా బండి తియ్యకండి.

నూకయ్య

*

ఖరగపూర్,
16 డిసెంబరు 1973

నూకయ్యా,

"ఎలా తెలుసని అడక్కండి" అని కార్డు రాసి రెండు నెలలు పడుకున్నావు. సరే, అడగను.

ఇక్కడ పెట్రోలు ధర పెరిగిన దగ్గర్నుంచి నా హోదా మారిపోయింది. నిన్నటిదాకా "తవిటయ్య బొమ్మకారు" అన్న స్కూటరు బాబులు ఇవాళ "దాదా, మాకూ ఒకటి చేసిపెట్టు" అంటున్నారు. బెంగాలీ బాబులైతే ఇంటికొచ్చి బెల్లం సందేశ్ మిఠాయి పెట్టి మరీ అడుగుతున్నారు.

మీ అక్కకీ నాకూ మాటల్లేవు. గోల్‌బజారులో చిన్న గొడవైంది. మరమరాలమ్మే జోగమ్మ తెలుసు కదా, నడిరోడ్డు మీద బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. బండి చప్పుడు రాదు, ఆవిడ తిరిగి చూడలేదు. బుట్ట నలిగింది. అంతే. ఆ రోజు గంగాభవాని పక్కన లేదు, సంతోషిమాత ఉపవాసమని ఇంట్లో ఉండిపోయింది. దాన్ని పట్టుకుని పదిహేను రోజులుగా, "ఇంక నేను ఎక్కను, మీరూ ఎక్కకండి" అని తాళం బియ్యం డబ్బాలో దాస్తోంది. బియ్యం డబ్బాలో ఉన్నది నాకు కనబడదనుకుంటోంది!

అసలు సంగతి ఇది. ఆలిస్ టీచరమ్మ పిల్లలు, వాళ్ల ఎదురింటి పిల్లలు కలిపి నలుగురు. జనవరి రెండున బడి తెరుస్తారు. రిక్షావాడు మానేశాడట. నేను తీసుకెళ్తానని మాటిచ్చాను. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి, మళ్లీ సాయంత్రం. టైమ్‌టేబులు రాసి గోడకంటించాను. రెండేళ్ల తర్వాత నాకొక టైమ్‌టేబులు! నలుగురు పిల్లలు, పుస్తకాల సంచులు పెడితే గంగాభవానికి చోటుండదు. మంచిదే. ఆ కేకలు లేకుండా ప్రశాంతంగా నడుపుకుంటాను.

పిల్లలు ఇప్పట్నుంచే నన్ను "డ్రైవర్ తాతా" అంటున్నారు. వింటున్నావా? డ్రైవర్.

తవిటయ్య

*

వాల్తేరు,
30 డిసెంబరు 1973

ఉస్తాద్ గారికి,

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. మెయిలు గార్డు చేతికిచ్చి, రేపు పొద్దున్నే మీ చేతిలో పెట్టమని ఒట్టు వేయించుకున్నాను. చదివాక నా ముఖం చూడనంటే చూడకండి. కానీ ఆ పిల్లల్ని బండి ఎక్కించకండి.

నలిగింది బుట్ట ఒక్కటే కాదు. మొన్న ఖరగపూర్ నుంచి వచ్చిన ఫైర్‌మన్ చెప్పాడు. జోగమ్మ చెయ్యి విరిగింది, కట్టు కట్టారు, ఆవిడ ఇప్పుడు బజారుకి రావడం లేదు. మీరు రోజూ అన్నం పంపిస్తున్నారని కూడా చెప్పాడు. ఆవిడ మీకు కనబడలేదు ఉస్తాద్. పక్కన ఉన్నది మీకు కనబడదు. గంగక్క చెబితేనే తెలుస్తుంది. అంతకు ముందు నేను చెబితే తెలిసేది.

బాలాసోర్ దాటాక ఆ చిన్న స్టేషను గుర్తుందా? పొద్దుగూకే వేళ. హోమ్ సిగ్నల్ ఎర్రగా ఉంది. నేను "డేంజర్" అన్నాను. మీరు తిరిగి చెప్పలేదు. మళ్లీ అరిచాను. మూడోసారి మీ భుజం పట్టుకుని కుదిపాను. ఇంజను సిగ్నల్ స్తంభం పక్కకొచ్చి ఆగింది. స్టేషన్లో అదే లైను మీద ప్యాసింజరు నిలబడుంది, కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి మనల్ని చూస్తున్నారు. ఆఖరి పెట్టె గుమ్మంలో ఒక ఆడమనిషి బిడ్డకి అరటిపండు వలిచి పెడుతోంది. "సిగ్నల్ దీపం మసకగా ఉందిరా" అన్నారు మీరు. దీపం బాగానే ఉంది. అప్పటికి ఎనిమిది నెలలుగా మీ కళ్లకి బదులు నా నోరు పనిచేస్తోంది. మీరంటే ఉన్న ప్రేమకొద్దీ చేశాను. ఆ రోజు రైల్లో జనం చచ్చిపోయుంటే ఆ ప్రేమ ఎవరికి కావాలి?

ఫోర్‌మన్ ఆఫీసుకి ఉత్తరం రాసింది నేను. మీకు ముందు చెప్పి రాయాల్సింది. భయపడ్డాను. మీరొద్దంటే ఆగిపోతానని భయం. పేరు పెట్టలేదు, అది పిరికితనం. మీరు దిగారు, నేను పైకెక్కాను. ఆ క్లర్కు రెండేళ్లుగా నా పాపం మోస్తున్నాడు. హ్యాండిల్ మీద చెయ్యి వేసినప్పుడల్లా నాకు మీరే గుర్తుకొస్తారు.

నన్ను ఏమైనా అనండి. రెండో తేదీ పొద్దున్న బండి తియ్యకండి.

నూకయ్య

*

వాల్తేరు,
22 జనవరి 1974

ఉస్తాద్ గారికి,

మూడు వారాలైంది. ఉత్తరం మీ చేతికే ఇచ్చానని గార్డు చెప్పాడు. మీరు ఏమన్నారని అడిగితే, "జేబులో పెట్టుకున్నాడు, టీ తాగి వెళ్లమన్నాడు" అన్నాడు. ఖరగపూర్ వైపు నుంచి ఏ బండి వచ్చినా ప్లాట్‌ఫారం మీదకి వెళ్లి నిలబడుతున్నాను. పిల్లల సంగతి అడగడానికి నోరు రావడం లేదు. ఏదైనా జరిగుంటే ఈపాటికి తెలిసేది అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అన్నం సహించడం లేదు.

ఒక్క ముక్క రాయండి. తిట్టయినా సరే.

నూకయ్య

*

ఖరగపూర్,
3 ఫిబ్రవరి 1974

నూకయ్యా,

ఈ ఉత్తరం మీ గంగక్క రాస్తోంది, నేను చెబుతున్నాను. నీ ఉత్తరాలు కూడా ఆవిడే చదువుతుంది. లైను మొదలు ఎక్కడుందో వెతుక్కునేసరికి నాకు తల తిరుగుతోంది. ఈ మాట ఆరు నెలల కిందటే రాయాల్సింది.

పిల్లలు క్షేమం. ముందు అది విని అన్నం తిను.

నీ ఉత్తరం ముప్పై ఒకటో తేదీన అందింది. గంగాభవాని చదువుతూ బాలాసోర్ దగ్గర ఆగిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది. "సదువు" అన్నాను. చదివింది. "ఉత్తరం రాసింది నేను" అన్న చోట నావైపు చూసింది, నేను లేచి మీద పడతాననుకుందేమో. నేను "తెలుసు" అన్నాను.

అవునురా, తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ సాయంత్రం రెండో ఫైర్‌మన్ వెనక బొగ్గులో ఉన్నాడు. ఎడం కిటికీ దగ్గర ఉన్నది నువ్వొక్కడివే. అందులో రాసిన సంగతి నీకూ నాకూ తప్ప భూమ్మీద ఇంకెవరికి తెలుసు? ఫోర్‌మన్ నాకు ఆ కాగితం చూపించకుండా చదివి వినిపించాడు. మూడో మాటకే నీ గొంతు వినబడింది.

సీతారామాంజనేయులు మీద నాకు ఏ అనుమానమూ లేదు. వారం వారం వాళ్లింట్లోనే టీ తాగుతున్నాను. మొహం తిప్పుకోవడం, వెలివేయడం అంతా నీ కోసం రాసిన కథ. ఒక నిరపరాధిని తిడుతుంటే ఎంతకాలం నోరు మూసుకుంటావో చూద్దామని. ఈ సంగతి నిన్న అతనికి చెబితే, "రొండేళ్లు నన్ను అలగ తిట్టినారా? నా ఇంట్లో టీ తాగుతూనా?" అని చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

నాకు మొండితనం పట్టింది నూకయ్యా. వాడు చేసింది వాడు ఒప్పుకునేదాకా, నాకు కనబడటం లేదని నేను ఒప్పుకోను అనుకున్నాను. నువ్వు ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. మన ఇద్దరి పంతానికి ఏ పాపమూ తెలియని జోగమ్మ చెయ్యి విరిగింది. ఆవిడ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. బుట్ట అని రాశాను నీకు. సిగ్గులేక బుట్ట అని రాశాను.

రెండో తేదీ పొద్దున్న ఏడున్నరకే నలుగురు పిల్లలూ తల దువ్వుకుని, సంచులు తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డారు. చిన్నది కార్లో ముందు సీటు నాది అని పోట్లాడుతోంది. నేను తాళం చేతిలో పట్టుకునే ఉన్నాను. నిజం చెబుతున్నాను, నీ ఉత్తరం చదివాక కూడా పట్టుకునే ఉన్నాను. "బడి ఎంత దూరం, మెల్లిగా పోదాం" అని మనసు లాగుతోంది. గంగాభవాని గుమ్మంలో నిలబడింది. రోజూ రిక్షాలూ గేదెలూ చెప్పే మనిషి ఆ పూట ఏమీ చెప్పలేదు.

ఆలిస్ టీచరమ్మ వచ్చి, "తాతగారూ, జాగ్రత్తండీ" అంది. అప్పుడు అనేశాను. "అమ్మా, నాకు పక్కలు కనబడవు. రెండేళ్లయింది. నీ పిల్లల్ని నేను తీసుకెళ్లలేను." ఇంతే మాట. డాక్టరుకి కూడా నా నోటితో చెప్పలేదు, ఆయన పరీక్ష చేసి కనిపెట్టాడు. టీచరమ్మ చిన్నదాని సంచి తన భుజాన వేసుకుంది. తర్వాత పిల్లల్ని నడిపించుకుని వెళ్లిపోయింది. చిన్నది వెనక్కి తిరిగి తిరిగి చూసింది. నేను లోపలికొచ్చి గోడ మీద టైమ్‌టేబులు పీకేశాను. ఏడ్చాను కూడా. ఇది రాయొద్దు అన్నా మీ అక్క రాసేస్తోంది.

నెల రోజులు ఊరికే కూర్చున్నాను. కూర్చోవడం చేత కాదని నీకు తెలుసు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను, మళ్లీ ఈ చివరకి నడిచాను. నీకు జవాబు రాయమని ఆవిడ రోజూ పోరింది. కాగితం తీస్తే తిట్లు తప్ప ఇంకేమీ రాలేదు.

మొన్న ఆదివారం గంగాభవాని తనంతట తానే స్టీరింగు ముందు కూర్చుంది. "రండి, నేర్పండి" అంది. యాభై దగ్గరపడ్డ మనిషి, బొట్టు పెట్టుకుని, చెప్పులు విడిచి మరీ కూర్చుంది. మలుపులో చక్రం తిప్పడం ఆవిడకి నేర్పక్కర్లేకపోయింది. జోగమ్మ ఇంటిదాకా నడిపింది. జోగమ్మ బండిని చూసి ముందు లోపలికి పరిగెత్తింది, నడుపుతున్నది ఎవరో చూశాక బయటికొచ్చింది. "ఇకనించి ఈవిడే తోల్తాదా? అలగైతే నేనూ ఎక్కుతాను" అంది. నా వంక చూడలేదు. చూడక్కర్లేదు. చేతి కట్టు ఇంకా విప్పలేదు.

నేను ఇప్పుడు ఎడం సీటు మనిషిని. బ్యాటరీలకి నీళ్లు పోస్తాను, ఛార్జింగు పెడతాను. బండి కదిలాక నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంటున్నాను. అవి ఒళ్లో ఉండటం లేదు.

ఇక నీ సంగతి. నువ్వు ఆ ఉత్తరం రాసినందుకు నాకు కోపం లేదు. అరటిపండు వలుస్తున్న ఆ ఆడమనిషిని నేను చూడలేదు. నువ్వు చూశావు. చూసినవాడు రాయాల్సిందే. నా స్థానంలో నువ్వు, నీ స్థానంలో నేను ఉన్నా అదే చేసేవాణ్ని, కాకపోతే పేరు పెట్టి రాసేవాణ్ని. ఆరేళ్లు ఒకే కుండలో నీళ్లు తాగాం. నా ముఖం మీద చెప్పలేకపోయావు. ఆ కోపం మాత్రం ఉంది, తగ్గలేదు, తగ్గించుకునే ప్రయత్నమూ చెయ్యలేదు. ఉత్తరాల్లో తిడితే నాకు తృప్తిగా లేదు.

సెలవు పెట్టి రా. అక్క వండి పెడుతుంది, కడుపునిండా తిను, తర్వాత నా ముందు కుర్చీ వేసుకుని కూర్చో. తిట్టేటప్పుడు నీ ముఖం నాకు కనబడాలి. తిన్నగా ముందున్నది ఇంకా కనబడుతోంది నూకయ్యా. అది కూడా ఎన్నాళ్లో డాక్టరు చెప్పడం లేదు. తొందరగా రా.

తవిటయ్య